గంజాయి కేసు శిక్షలో రెమిషన్ ఎందుకు కలవదు?

ప్రశ్న: మా తమ్ముడు 22 కిలోల గంజాయి మూటతో 2021 మార్చి 10న పట్టుబడ్డాడు. బెయిలు రాలేదు. 2023 జూన్‌లో పదేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా వేశారు. కట్టకపోతే ఇంకో ఏడాది. అప్పీలు వేయలేదు. జైల్లో వంటశాలలో పనిచేస్తున్నాడు, ఒక్క రిమార్కు లేదు. అదే బ్యారక్‌లో హత్య కేసు ఖైదీకి రెమిషన్ (మంచి నడతకు శిక్షలో ఇచ్చే తగ్గింపు) రోజులు కలుస్తున్నాయి, వీడికి సున్నా. ఎందుకండీ?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి జిల్లా

జవాబు: ఇది జైలువాళ్ల పక్షపాతం కాదమ్మా. మత్తుమందుల నిరోధానికి ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలో 1989లో అమల్లోకి వచ్చిన 32ఎ సెక్షన్ ప్రకారం ఈ చట్టం కింద పడిన శిక్షను తగ్గించకూడదు, మార్చకూడదు. మత్తుమందు వాడినందుకు పడే 27వ సెక్షన్ శిక్షకే మినహాయింపు. కిలోకు పైబడి 20 కిలోల లోపు దొరికినవాళ్లకు రెమిషన్ వస్తుందని చాలామంది అనుకుంటారు, రాదు. మూట మోసిన కూలివాడినీ, మోయించిన వ్యాపారినీ ఒకే గాటన కట్టే ఈ సెక్షన్ అన్యాయమనే మా అభిప్రాయం.

అయితే అన్ని దారులూ మూసుకుపోలేదు. రిమాండులో గడిపిన రోజులు రెమిషన్ కిందకి రావు, అవి శిక్షలో కలవాల్సిందే (క్రిమినల్ కేసుల విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్, 468వ సెక్షన్). మీవాడి పదేళ్లు 2021 మార్చి 10 నుంచి లెక్క. కోర్టు పంపిన వారంటులో రిమాండు తేదీలు లేకపోతే జైలు లెక్క తప్పుతుంది. హిస్టరీ టికెట్‌లో (జైల్లో ఖైదీ వివరాలు రాసే కాగితం) విడుదల తేదీ ఏం రాశారో ములాఖత్‌లో అడగండి. 2031 మార్చికి బదులు 2033 జూన్ అని ఉంటే శిక్ష వేసిన కోర్టులోనే పిటిషన్ వేయించండి. జరిమానా లక్ష కడితే ఆ అదనపు ఏడాది పోతుంది. ఆ ఏడాది మొదలయ్యాక కట్టినా మిగిలిన భాగం ఆగిపోతుంది.

అసలు ఆశ అప్పీలులోనే ఉంది. హైకోర్టుకు గడువు 60 రోజులు, అది దాటిపోయింది కాబట్టి ఆలస్యం మన్నించమనే పిటిషన్ జతచేయాలి. జైలు సూపరింటెండెంట్ ద్వారానే పంపొచ్చు. జైల్లో ఉన్నవాళ్లకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. అప్పీలు తేలేలోపు శిక్ష నిలిపివేసే అధికారం కోర్టులకు ఉందని 2000లో దాదూ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పెరోల్‌కూ 32ఎ అడ్డురాదని అదే తీర్పు చెప్పింది.

కానీ వాణిజ్య పరిమాణమైతే, అంటే గంజాయి 20 కిలోలు దాటితే, అలా శిక్ష నిలిపివేయడానికి నిర్దోషి అని నమ్మడానికి తగిన ఆధారం ఉందని కోర్టు తృప్తి పడాలి (37వ సెక్షన్). మీవాడిది రెండు కిలోల తేడా. సరుకు పట్టుకున్నప్పుడు రాసిన పంచనామా తీసి చూడండి: 22 కిలోలు గోనెసంచితో కలిపి తూచారా, విడిగానా? పూత లేకుండా విడిగా ఉన్న ఆకులు, విత్తనాలు చట్టం దృష్టిలో గంజాయి కాదు. వాటిని వేరు చేశారా? బరువు 20 కిలోల లోపుకు దిగితే పదేళ్ల కనీస శిక్ష ఉండదు, 37వ సెక్షన్ అడ్డంకీ ఉండదు. లాయరు చేతిలో మొదట పెట్టాల్సిన కాగితం ఆ పంచనామాయే.