పోస్టర్ తరవాత, ముందు టేపు

చి. శ్రీనుకు బాబాయ్ ఆశీస్సులు.

పాత టర్కీ క్రైమ్ సినిమాలు పోగుచేద్దామని పోస్టర్ల బేరానికి దిగావట. కొన్నాళ్ళు ఆగరా. పోస్టర్లు ఇవాళ కాకపోతే రేపు దొరుకుతాయి. సినిమాలే మాయమైపోతున్నాయి.

మనం ఒకప్పుడు సినిమావాళ్ళని కోడంబాకం అన్నట్టే, వాళ్ళ పరిశ్రమకి ఇస్తాంబుల్‌లోని యెషిల్‌చామ్ వీధి పేరు పడింది. 1970ల మొదట్లో ఏడాదికి 300 దాకా తీశారు. ఆ ప్రింట్లు చాలా వాటిని ఫిల్ములో ఉండే వెండి కోసం కరిగించేశారు. 1961 ఒప్పందంతో జర్మనీకి కూలికెళ్ళిన టర్కీ కుటుంబాల కోసం తరవాత అమ్మిన వీడియో క్యాసెట్లే కొన్ని సినిమాలకి ఇప్పుడు దిక్కు. అవి మన దగ్గరా వాడిన పాల్ అనే వీడియో సిగ్నల్ పద్ధతివే కాబట్టి మన ప్లేయర్లలోనూ ఆడతాయి.

క్యాసెట్ చేతికి రాగానే ప్లేయర్‌లో పెట్టెయ్యకు. పక్కనున్న చిన్న మీట నొక్కి మూత ఎత్తి, కిటికీ వెలుతురులో టేపు చూడు. నల్లగా నిగనిగలాడాలి. చుట్ట మీద తెల్లటి పొడి కనిపిస్తే బూజు పట్టినట్టే. అది ప్లేయర్‌కి అంటుకుని, తరవాత పెట్టే క్యాసెట్లకీ పాకుతుంది. బెర్లిన్‌లో ఉన్నప్పుడు ఒకసారి ఆత్రంకొద్దీ చూసుకోకుండా పెట్టాను. ఆఖరి పావుగంట టేపు నలిగి తెగిపోయింది. ఆ సినిమాకి ఇంకో కాపీ నాకు ఈనాటికీ దొరకలేదు. అందుకే మొదటిసారి ఆడించేటప్పుడే కంప్యూటర్‌లోకి ఎక్కించుకో.

మొదలుపెట్టడానికి లుత్ఫీ అకాద్ 1952లో తీసిన 'కానూన్ నామినా' చూడు. హీరో ఆయ్‌హాన్ ఇషిక్. స్టూడియో గోడలు వదిలేసి కెమెరా ఇస్తాంబుల్ వీధుల్లోకి వచ్చేస్తుంది. ఆ వీధుల కోసమే నేను దాన్ని ఎన్నిసార్లు చూశానో. తరవాత 1967 నాటి 'కిలింక్'. ఎముకల గూడు గీసిన నల్ల దుస్తుల్లో తిరిగే హంతకుడి కథ. చాలామంది నవ్వుకోడానికే కొంటారు, నాకది నచ్చదు. చేతిలో డబ్బు లేదు, మాటలన్నీ తరవాత డబ్బింగ్‌లో కలిపినవే. అయినా ఎక్కడా చప్పబడనివ్వలేదు వాళ్ళు. నటుడు ఇల్మాజ్ గూనెయ్ 'వికారపు రాజు'గా పేరు తెచ్చుకున్న 1960ల తుపాకీ సినిమాలు ఎక్కడ కనిపించినా వదలకు.

డబ్బు పంపేముందు అమ్మేవాణ్ణి ఒక్క ఫోటో అడుగు. మనకి 'శుభం' కార్డు ఉన్నట్టు వాళ్ళకి 'సోన్' అని పడుతుంది. ఆ కార్డు తెర మీద ఉండగా తీసిన ఫోటో పంపమను, సినిమా చివరిదాకా ఉందని తెలుస్తుంది. పంపలేనంటే, కొనేముందు నాకు ఫోన్ చెయ్యి.

బాబాయ్