అమ్మడూ, ఆ కూలర్ బరువు చూశావా?

శ్రీకాకుళం

చిరంజీవి అమ్మడుకి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు గేమింగ్ కంప్యూటర్ సొంతంగా అసెంబుల్ చేసుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సొంత జీతం, సొంత పని. విన్న దగ్గర్నుంచి నా కంప్యూటర్ షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్తున్నాను, మా మేనకోడలు చేస్తోందని. తర్వాత నువ్వు పంపిన పార్టుల లిస్టు చూశాను. ప్రాసెసర్ బాగుంది, బోర్డు బాగుంది, పవర్ సప్లై దగ్గర కక్కుర్తి పడలేదు, సంతోషం. ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్ దగ్గరకొచ్చేసరికి మాత్రం గుండె ఆగింది. మార్కెట్లో ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్దది చూసి పెట్టేశావు. పైగా హైదరాబాద్‌లో ఫ్రెండ్స్‌తో కలిసి బిగించేసి, సంక్రాంతికి బస్సు డిక్కీలో కాశీబుగ్గ మీ ఇంటికి తెచ్చేస్తానన్నావట. ఈ ఉత్తరం ముఖ్యంగా ఆ డిక్కీ మాట విన్నందుకే రాస్తున్నాను.

ముందు ఒక మంచి మాట. లిక్విడ్ కూలర్ వద్దనుకుని, రాగి గొట్టాలూ రేకులూ ఫ్యానూ ఉండే టవర్ కూలర్ వైపు వచ్చావు చూడు, అది సరైన నిర్ణయం. లిక్విడ్ దాంట్లో పంపు ఉంటుంది, అది ఆగితే మొత్తం ఆగినట్టే. టవర్ కూలర్లో పాడయ్యేది ఫ్యానొక్కటే, ఫ్యాన్ మన ఊళ్ళో కూడా దొరుకుతుంది. రాగి గొట్టాల్లో కొద్దిగా నీరు ఉంచి, గాలి తీసేసి సీలు చేస్తారు. లోపల ఒత్తిడి చాలా తక్కువ కాబట్టి తక్కువ వేడికే ఆ నీరు ఆవిరై రేకుల దగ్గరికి పోతుంది, అక్కడ చల్లబడి గొట్టం లోపలి పొర పట్టుకుని మళ్ళీ ప్రాసెసర్ దగ్గరికి వస్తుంది. అందులో అరిగేదీ లేదు, తిరిగేదీ లేదు.

కానీ ఎంత పెద్దది కావాలి? నువ్వు ఎంచిన ప్రాసెసర్ రైజెన్ 7 7800ఎక్స్3డీకి టీడీపీ, అంటే కూలర్ తీసేయాల్సిన వేడి లెక్క, 120 వాట్లు. ఆటలాడేటప్పుడు చాలాసార్లు అంత కూడా లాగదు. ఇంటెల్ ఐ9 14900కే లాంటిదైతే పూర్తి లోడు మీద 253 వాట్ల దాకా తీసుకుంటుంది, దానికి బండ కూలర్ కావాలంటే నేనూ ఒప్పుకుంటాను. నీ చిప్‌లో ఇబ్బంది వేరు. అందులో అదనపు క్యాష్ మెమరీని (చిప్ లోపలే ఉండే వేగమైన మెమరీ) లెక్కలు చేసే కోర్ల పైన ఒక పొరగా పేర్చారు. వేడి పుట్టే చోటు చాలా చిన్నది. ఆ వేడి ముందు ఆ పొర దాటాలి, తర్వాత పైనున్న మందపాటి మెటల్ మూత దాటాలి, అప్పుడు గానీ కూలర్‌కి అందదు. దారి అక్కడే ఇరుకు. అవతల ఎన్ని రేకులు పేర్చినా ఆ ఇరుకు వెడల్పవదు. తర్వాత వచ్చిన 9800ఎక్స్3డీలో ఆ క్యాష్‌ని కోర్ల కిందికి మార్చింది ఇందుకే. కాబట్టి ఆ పెద్ద కూలర్‌కి నువ్వు పోసే డబ్బుకి తగ్గే డిగ్రీలు చాలా తక్కువ.

ఇంకో సంగతి, బొమ్మ చూసి కొనేయడమేనా? కొలతలు చూడొద్దూ? నీ లిస్టులోని నాక్టువా ఎన్‌హెచ్-డీ15 జీ2 ఎత్తు 168 మిల్లీమీటర్లు. నువ్వు ఎంచిన కేసులో కూలర్‌కి ఇచ్చిన చోటు 165. మూడు మిల్లీమీటర్లే కదా అనుకుంటావేమో, అద్దం తలుపు మూసుకోదు. దానికి తోడు నీ ర్యామ్ లైట్లున్న పొడుగు రకం. ముందు ఫ్యాన్ ర్యామ్ మీదికి వస్తుంది, ర్యామ్ అడ్డొస్తే ఫ్యాన్‌ని పైకి జరపాలి, జరిపిన కొద్దీ మొత్తం ఎత్తు పెరుగుతుంది. థర్మల్‌రైట్ పీర్‌లెస్ అస్సాసిన్ 120 ఎస్ఈ చూడు, 155 మిల్లీమీటర్లు, ఆరు హీట్ పైపులు, రెండు ఫ్యాన్లు. డీప్‌కూల్ ఏకే620 అయితే 160. రెండిట్లో ఏది తీసుకున్నా నీ చిప్‌కి చాలు. ధరలో తేడా నువ్వే చూస్తావు. మిగిలిన డబ్బుతో ముందువైపు జాలీ ఉన్న కేసు తీసుకో, గాలి లోపలికి రాకపోతే ఏ కూలరూ ఏమీ చేయలేదు.

ఇక బరువు. నువ్వు ఎంచినది ఫ్యాన్లతో కలిపి కిలోన్నర. కేసు నిలబెడితే బోర్డు నిలువుగా ఉంటుంది. అంటే ఆ కిలోన్నరా, గోడ మేకుకి నీళ్ళ బిందె తగిలించినట్టు, బోర్డుకి అడ్డంగా వేలాడుతుంది. టేబుల్ మీద కదలకుండా ఉన్నంతకాలం ఏమీ కాదు, దానికి తగ్గట్టే చేస్తారు. రోడ్డు మీద ఎక్కించావా, అప్పుడు వేరు.

టెక్కలి వైపు కుర్రాడొకడు ఇలాగే చేశాడు. హైదరాబాద్‌లో చదువుకుంటూ, ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుకి కొంత తండ్రి కలిపితే, మంచి మిషన్ కట్టించుకున్నాడు. అది ఏఎం4 బోర్డు, అంటే నీ ఏఎం5 కన్నా ముందు రకం సాకెట్ ఉన్నది. కూలర్ పెద్దది, బోర్డుతో వచ్చే ప్లాస్టిక్ కొక్కేలకి క్లిప్పుతో తగిలించేది. పండక్కి ఇంటికొస్తూ కేసుని నిలువుగా అట్టపెట్టెలో పెట్టి, చుట్టూ దుప్పటి చుట్టి రాత్రి బస్సు డిక్కీలో వేయించాడు. బయట దుప్పటి చుట్టాడు గానీ లోపల బరువుకి ఆసరా ఏది? అమ్మినవాళ్ళు కూడా కూలర్ విప్పి తీసుకెళ్ళమని ఒక్క ముక్క చెప్పలేదు.

పొద్దున్నే తండ్రీకొడుకులు షాపుకొచ్చారు. 'ఆన్ అవడం లేదు, పవర్ సప్లై పోయుంటుంది' అన్నాడు కుర్రాడు. పెట్టె ఎత్తగానే లోపల ఏదో దొర్లిన చప్పుడు. తలుపు తీస్తే కూలర్ ఊడి గ్రాఫిక్స్ కార్డు మీద పడి ఉంది. కార్డు స్లాటులోంచి వంగిపోయింది, స్లాటు ఒక చివర బోర్డు నుంచి లేచింది. కూలర్‌ని తీసి తిరగేశాను. దాని అడుగున ప్రాసెసర్, వేడి దాటడానికి మధ్యలో పూసే పేస్టుతో అంటుకుపోయి, పిన్నులు పైకి చూస్తూ ఉంది. ఏఎం4లో ప్రాసెసర్‌ని పైనుంచి పట్టే చట్రం ఉండదు, కూలర్ లాగితే సాకెట్లోంచి దాంతో పాటే వచ్చేస్తుంది. దాని కింద 1331 పిన్నులు. ఒక మూల వరసలన్నీ గాలివానకి వరి పడుకున్నట్టు ఒకే దిక్కుకి పడుకున్నాయి.

తండ్రి కౌంటర్ పట్టుకుని 'ఏటైపోనాది బాబూ, మళ్ళీ ఆడతాదా?' అని అడిగాడు. ఆయన చేతుల మీద జీడిగింజల నల్ల మరకలు ఉన్నాయి. నాకు ఏం చెప్పాలో తోచలేదు. హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి పేస్టు మెత్తబడ్డాక ప్రాసెసర్‌ని మెల్లగా తిప్పి తీశాను. భూతద్దం కింద పెట్టి, లెడ్ తీసేసిన మెకానికల్ పెన్సిల్ మొనలోకి ఒక్కో పిన్ను దూర్చి నిలబెట్టడం మొదలుపెట్టాను. పిన్ను ఆ రంధ్రంలో సరిగ్గా పడుతుంది, వేలితో పట్టీపట్టనట్టు ఎత్తాలి. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు, ఆ పిల్లాడూ లేవలేదు. చాలా మటుకు లేచాయి. చివరి వరసలో ఒకటి మొదలు దగ్గరే విరిగి బల్ల మీద పడింది, నల్లపూస కన్నా చిన్నది. దాంతో ప్రాసెసర్ లేవలేదు, బోర్డూ లేవలేదు. మిగిలింది ర్యామ్, డిస్కు, పవర్ సప్లై. ఆ కుర్రాడు ఏడవలేదు గానీ తండ్రి మొహం చూడలేకపోయాడు. నాకు ఇప్పటికీ ఆ ఏడవకపోవడమే గుర్తొస్తుంది. నువ్వూ అంతే కదా.

తిత్లీ తుఫాను వచ్చిన ఏడాది, 2018 అక్టోబరులో, మీ జీడితోట మొత్తం ఒక్క రాత్రిలో పడిపోయింది. నువ్వు హైస్కూల్లో ఉన్నావు. దసరాకి కొత్త బట్టలు అడగలేదు, స్కూలుకి సైకిల్ కావాలన్నదానివి ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. కరెంటు లేని ఆ రోజుల్లో నా షాపులో తడిసిన మిషన్లు ఆరబెడుతుంటే పక్కన కూర్చుని స్క్రూలు సైజులవారీగా మూతల్లో వేసేదానివి. అలాంటి పిల్ల ఇన్నాళ్ళకి తన కోసం ఒకటి కొనుక్కుంటుంటే, అది డిక్కీలో విరగడం నేను చూడలేను తల్లీ.

నీ ఏఎం5లో ప్రాసెసర్‌ని ఇనుప చట్రం పట్టి ఉంచుతుంది, అది కూలర్‌తో ఊడి రాదు. కూలర్ కూడా వెనక ప్లేటుకి స్క్రూలతో బిగుస్తుంది. కానీ గోతిలో పడ్డప్పుడల్లా ఆ బరువంతా బోర్డుని గుంజుతుంది, గ్రాఫిక్స్ కార్డు స్లాటుని వేరే గుంజుతుంది. అందుకని అక్కడ బిగించకు. పార్టులన్నీ ఎవరి పెట్టెల్లో వాటిని ఉంచి విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో బెర్త్ కింద పెట్టుకుని రా. ఫ్రెండ్స్‌తో కలిసి బిగించాలని మరీ ఆశగా ఉంటే బిగించు, ఆడుకో, కానీ బయల్దేరే ముందు కూలర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ విప్పి విడిగా తీసుకురా. కొత్త పేస్టు ట్యూబు ఒకటి అదనంగా కొనుక్కో, విప్పిన ప్రతిసారీ పాతది తుడిచి మళ్ళీ వేయాలి.

బిగించేటప్పుడు సంగతులు నీకు తెలిసినవే. కూలర్ అడుగున ప్లాస్టిక్ కాగితం పీకేయి. బోర్డుతో వచ్చిన ప్లాస్టిక్ కొక్కేలు తీసేయి, వెనక ప్లేటు మాత్రం ఉంచు. పేస్టు శనగగింజంత. స్క్రూలు రెండు వైపులా మార్చి మార్చి కొద్దికొద్దిగా తిప్పు, ఒక్కవైపే బిగించేయకు. ఫ్యాన్ వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్నచోటే పెట్టు. గాలి కేసు వెనక్కి పోవాలి.

మీ ఇల్లున్న చోటు గురించి మాత్రం మర్చిపోకు. కాశీబుగ్గ నుంచి వచ్చే మిషన్లు తెరిస్తే తెలుస్తుంది, రేకుల మధ్య దుమ్ము పొడిగా ఉండదు, జీడి బట్టీల పొగకి జిడ్డుగా నల్లగా పట్టి ఉంటుంది. ఊదితే పోదు, మెత్తటి బ్రష్షుతో గీకాలి. రెండు మూడు నెలలకోసారి బయటికి తీసి శుభ్రం చెయ్యి. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకో, లేకపోతే గిర్రున తిరిగి బేరింగు పాడవుతుంది. మిషన్‌ని డాబా మీది గదిలో పెట్టకు. మేలో అక్కడ ఫ్యాన్ గాలి కూడా వేడిగా కొడుతుంది. కూలర్ ఏదైనా గది కన్నా చల్లగా చేయలేదు. గది పది డిగ్రీలు ఎక్కితే చిప్ కూడా దాదాపు పది ఎక్కుతుంది, నీ చిప్ హద్దు 89. జనవరి చలిలో హైదరాబాద్‌లో చూసిన అంకెలు ఇక్కడ వేసవిలో రావు. కింద వరండా పక్క గదిలో పెట్టుకో. గోడకి ఆనించకు, వెనక జానెడు చోటు వదులు.

ఆర్డర్ పెట్టే ముందు కొత్తగా ఎంచిన కేసు పేరు, ర్యామ్ ఎత్తు నాకు వాట్సాప్‌లో పంపు. రాత్రి ఎంత పొద్దుపోయినా పర్వాలేదు, చూసి చెప్తాను. బిగించే రోజు కాశీబుగ్గ వస్తాను. నువ్వే బిగించు, నేను చెయ్యి పెట్టను. ఆ పెన్సిలూ భూతద్దమూ సంచిలో తెస్తాను, వాటి అవసరం రాకూడదని అరసవల్లి సూర్యనారాయణమూర్తికి దండం పెట్టుకుని మరీ బయల్దేరతాను.

మీ మావయ్య