విత్తనం అసలుదైనా గులాబీ పురుగు వస్తది అన్నా
పురుగును చంపే ప్రోటీన్ మొక్కే తయారు చేసుకునే బీటీ పత్తి వేసినా కాయలో గులాబీ పురుగు ఉంది, విత్తనం నకిలీదా అని అడిగారు కదా, నకిలీ కాకపోయినా ఇలాగే ఉంటది. పురుగు అలవాటు పడిందంటారు గానీ అది కాదన్నా, ఎక్కడో ఒకట్రెండు పుట్టుకతోనే ఆ ప్రోటీన్‌ను తట్టుకునే జీన్‌తో ఉంటాయి, మిగతావి చచ్చాక వాటి సంతానమే పెరిగింది, 2006లో రెండు ప్రోటీన్లతో వచ్చిన బీజీ-2 అనే బీటీ పత్తి కూడా ఆపలేకపోయింది. ఆ జీన్ తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే బాగా పనిచేస్తది, పక్కన వేసే నాన్ బీటీ, అంటే ఆ ప్రోటీన్ లేని పత్తి వరసల్లో పుట్టిన మామూలు పురుగుతో జతకడితే పిల్లలు బీటీ తిని చస్తాయి. ఆ వరసల కోసమే అప్పట్లో బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ ప్యాకెట్ ఇచ్చేవాళ్లు, మనోళ్లు దాన్ని పారేశారు, అదే నా బాధ. గులాబీ పురుగు దాదాపు పత్తి మీదే బతుకుతది కాబట్టి డిసెంబర్‌కల్లా పంట తీసేసి మోళ్లు దున్నేయండి, గుడ్డి పూలు, అంటే విచ్చుకోకుండా ముడుచుకున్న పూలు కనిపిస్తే తెంపి కాల్చేయండి.