ఎడమవైపు ఒత్తిగిల్లితే తుంటి నొప్పి

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 53 ఏళ్లు. సీతమ్మధారలో ఉంటాం. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చెప్పుల్లేకుండా చేసిన దగ్గర్నుంచి ఎడమ తుంటి పక్కన నొప్పి. ఆ వైపు పడుకుంటే అర్ధరాత్రి మెలకువ వచ్చేస్తోంది. మెట్లెక్కడం కష్టంగా ఉంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. తుంటి అరిగిందేమోనని టెన్షన్. ఆపరేషన్ చేయాలంటారా? వచ్చే ఏడు మళ్లీ నడవగలనా?
ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఆపరేషన్ గురించి బెంగ పెట్టుకోకండమ్మా. తుంటి నొప్పి అని వచ్చి ఒకరు నడుము చూపిస్తారు, ఒకరు పిరుదు, ఇంకొకరు గజ్జ. అందుకే ఒక్క వేలితో చూపించమని అడుగుతాను. మీరూ నిలబడి చెయ్యి కిందికి వదిలేయండి. మణికట్టు దగ్గర, తొడ పక్కన గట్టిగా ఎముక తగులుతుంది. అక్కడ నొక్కగానే ‘అమ్మో’ అనిపిస్తే అది బర్సైటిస్ కావచ్చు.

ఎముక మీద కండరాలు రాసుకోకుండా మధ్యలో పల్చటి ద్రవం ఉన్న చిన్న సంచి ఉంటుంది. దాన్నే బర్సా అంటారు. అలవాటు లేని కాళ్లతో ఒకేసారి 32 కిలోమీటర్లు నడిస్తే ఆ రాపిడికి అది వాస్తుంది. చాలామందిలో సంచి కంటే పిరుదు కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువే ఎక్కువ దెబ్బతింటుంది. నలభై దాటిన ఆడవాళ్లలో ఇది ఎక్కువ. ఇవేవీ ఎక్స్‌రేలో కనపడవు. ఏమీ లేదన్నారని మీ నొప్పి లేకుండా పోదు కదా!

కీలు అరిగితే నొప్పి ఎక్కువగా గజ్జలో ఉంటుంది, బాసింపట్టు వేసుకుని కూర్చోలేరు. నడుము నరం నొక్కుకుంటే తిమ్మిరి పాదం దాకా పాకుతుంది. బర్సైటిస్ నొప్పి తొడ బయటివైపు దిగినా మామూలుగా మోకాలు దాటదు.

ముందు నిద్ర సంగతి చూడండి. కుడివైపు తిరిగి, మోకాళ్ల మధ్య మందపాటి దిండు పెట్టుకోండి. దిండు లేకపోతే పై కాలు ముందుకు వాలిపోయి కండరం రాత్రంతా ఆ సంచిని నొక్కుతూనే ఉంటుంది. వంటగట్టు దగ్గర ఒంటికాలి మీద బరువేసి నిలబడటం, కాలు మీద కాలు వేసుకోవడం మానండి. బీచ్‌లో తడి ఇసుక మీద నడక కూడా ఇప్పుడు వద్దు, అక్కడ నేల సముద్రం వైపు వాలి ఉంటుంది. ఐస్ గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టండి. బీపీ, కిడ్నీ సమస్య, అల్సర్ ఉంటే నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు.

అసలు మందు పిరుదు కండరాలకు బలమిచ్చే వ్యాయామం. ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని రెండు మూడు నెలలు ఓపికగా చేయండి. అప్పటికీ తగ్గకపోతే ఇంజెక్షన్ ఆలోచిద్దాం. జ్వరం వచ్చినా, అక్కడ ఎర్రగా వేడెక్కినా, పడిపోయి కాలు మోపలేకపోయినా ఆ రోజే డాక్టరుకు చూపించండి.

ప్రదక్షిణకు సంక్రాంతి వెళ్లగానే తయారవ్వండి. చదును దారిలో రెండు కిలోమీటర్లతో మొదలుపెట్టి, మర్నాడు పొద్దున నొప్పి పెరగకపోతేనే దూరం పెంచండి. ఆ రోజు హనుమంతవాక చేరేసరికే తుంటి లాగితే, మిగతా దారి మీ ఇంట్లోవాళ్లకు అప్పగించి అక్కడే ఆగిపోండి.