షటిల్ ఆటగాళ్లు ఒక్కొక్కరు ఒక్కో వయసులో పీక్‌కి ఎందుకు వస్తారు?

మీరు అడిగినవి నిజానికి రెండు ప్రశ్నలు. సైనా 22 ఏళ్లకే ఒలింపిక్ పతకం తెచ్చింది, ప్రణయ్‌కి ప్రపంచ చాంపియన్‌షిప్ పతకం 31 ఏళ్లకు గానీ రాలేదు, ఇంత తేడా ఎందుకన్నది ఒకటి. మీ అబ్బాయికి 14 నిండినా ఇంకా జిల్లా సెమీస్ దాటలేదు, ఆలస్యమైపోయిందా అన్నది రెండోది. మొదటిదాని గురించి మాట్లాడుకుంటే రెండోదానికి దారి దొరుకుతుంది. నేను చిన్నప్పుడు రాజమండ్రిలో జిల్లా స్థాయిలో ఆడాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు పిల్లలకు నేర్పుతున్నాను. చూసినదీ పడినదీ రాస్తాను.

ముందు ఒక రోజు గురించి చెప్పాలి. 2019 ఆగస్టు 25, స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్స్. సింధు 21-7, 21-7తో జపాన్ క్రీడాకారిణి ఒకుహారాను ఓడించి బంగారు పతకం గెలిచింది. అప్పటికి ఆమెకు 24 ఏళ్లు. పురుషుల సింగిల్స్ గెలిచిన జపాన్ ఆటగాడు మొమొటాకు కూడా 24 ఏళ్లే. అదే రోజు పురుషుల డబుల్స్ గెలిచిన ఇండోనేషియా జోడీలో హెండ్రా సెతియవాన్‌కి మాత్రం 35. సరిగ్గా ఆ రోజే ఆయన పుట్టినరోజు. ఒకే రోజు, ఒకే స్టేడియం, మధ్యలో పదకొండేళ్ల తేడా. హెండ్రా ఆట చూసినవాళ్లకు తెలుస్తుంది, ఆయన పెద్దగా పరిగెత్తినట్టే కనిపించడు. షటిల్ వచ్చే చోట ముందే నిలబడి ఉంటాడు.

ఇంకా దగ్గరి ఉదాహరణ మన గచ్చిబౌలిలోనే ఉంది. నన్నడిగితే మీ ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. గోపీచంద్ అకాడమీలో ఆడిన ముగ్గురు కుర్రాళ్లు ఏడు నెలల తేడాలో పుట్టారు. కేరళ నుంచి వచ్చిన ప్రణయ్ 1992 జూలైలో, సాయి ప్రణీత్ అదే ఏడాది ఆగస్టులో, కిదాంబి శ్రీకాంత్ 1993 ఫిబ్రవరిలో. శిక్షణ ఒకే చోట, కోచ్ ఒక్కరే. 2010లో ప్రణయ్‌కి యూత్ ఒలింపిక్స్‌లో రజతం, సాయి ప్రణీత్‌కి ప్రపంచ జూనియర్స్‌లో కాంస్యం వచ్చాయి. శ్రీకాంత్ అప్పుడు ఎక్కువగా డబుల్స్ ఆడేవాడు. ఆ ఫలితాలు చూసి ఎవరు ముందు పైకొస్తారని అడిగి ఉంటే నేను శ్రీకాంత్ పేరు చెప్పేవాణ్ణి కాదు.

కానీ ముందు పైకొచ్చింది అతనే. గోపీచంద్ అతన్ని సింగిల్స్‌లోకి మార్చాక, 21 ఏళ్ల వయసులో 2014 చైనా ఓపెన్ ఫైనల్లో చైనా దిగ్గజం లిన్ డాన్‌ని ఓడించాడు. 2017లో ఒకే ఏడాది ఇండోనేషియా, ఆస్ట్రేలియా, డెన్మార్క్, ఫ్రాన్స్‌లలో నాలుగు సూపర్ సిరీస్ (అప్పటి పెద్ద అంతర్జాతీయ టోర్నీలు) టైటిళ్లు గెలిచాడు. 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. సాయి ప్రణీత్‌కి పెద్ద పతకం 27 ఏళ్లకు వచ్చింది, నేను పైన చెప్పిన ఆ బాసెల్‌లోనే. ప్రకాశ్ పదుకొణె తర్వాత 36 ఏళ్లకు భారత పురుషుల సింగిల్స్‌కి వచ్చిన ప్రపంచ చాంపియన్‌షిప్ పతకం అది. ప్రణయ్ సంగతి మరీ ఆలస్యం. దేశాల జట్లు ఐదేసి మ్యాచ్‌లు ఆడే థామస్ కప్‌లో, 2022లో క్వార్టర్స్, సెమీస్ రెండూ 2-2 దగ్గర నిలిచినప్పుడు చివరి మ్యాచ్‌లు గెలిచి భారత్‌ని ఫైనల్‌కి తీసుకెళ్లినప్పుడు అతనికి 29. 2023లో కోపెన్‌హాగన్ వెళ్లి, డెన్మార్క్ ఆటగాడు ఆక్సెల్సెన్‌ని అతని సొంత దేశంలోనే ఓడించి ప్రపంచ చాంపియన్‌షిప్ కాంస్యం తెచ్చేసరికి 31. ఆ ఏడాది బంగారు పతకం థాయిలాండ్‌కి చెందిన 22 ఏళ్ల కున్లావుత్‌కి వెళ్లింది.

ఒకే అన్నం తిని, ఒకే హాల్లో చెమటోడ్చిన ముగ్గురికి మూడు వయసులు. కాబట్టి వయసు ఒక్కటే లెక్క కాదని తేలిపోతోంది. నాకు అర్థమైనంతలో అసలు తేడా ఆ ఆటగాడి ఆట దేనిమీద నడుస్తుందన్న దాంట్లో ఉంది. శ్రీకాంత్ 2017లో ఆడిన ఆట కాళ్ల మీద నడిచింది. ఎగిరి పైనుంచి బలంగా స్మాష్ కొట్టడం, షటిల్ ఇంకా అవతల నేల తాకకముందే నెట్ దగ్గరికి దూసుకురావడం. ఆ పేలుడు వేగం ఇరవైల మొదటి సగంలో ఉన్నంతగా తర్వాత ఉండదు. మోకాలికో తొడకో దెబ్బ తగిలితే ముందుగా పోయేది కూడా అదే. సాయి ప్రణీత్ ఆట మణికట్టులో ఉంది. చేతివాటం చిన్నప్పుడే వచ్చేసినా, పెద్ద టోర్నమెంట్‌లో వరసగా ఐదారు రోజులు దాన్ని నిలబెట్టే ఒళ్లు తయారవడానికి అతనికి ఏళ్లు పట్టింది. ప్రణయ్ మంచి వయసంతా గాయాలతో, అనారోగ్యంతో పోయింది. కానీ ఆ ఏళ్లలో ఎదుటివాడిని చదవడం నేర్చుకున్నాడు. ఏ పాయింటుకి ఆగాలో, ఏ పాయింటుకి కొట్టాలో తెలుసుకున్నాడు. ఒళ్లు కుదుటపడిన రోజున ఆ తెలివంతా చేతికొచ్చింది.

కాళ్లు తొందరగా పండుతాయి, తొందరగా వాడతాయి. ఎదుటివాడిని చదివే కన్ను నిదానంగా పండుతుంది, చాలాకాలం నిలుస్తుంది. ఈ రెండూ కలిసి ఉన్న కాలంలో గాయం లేకుండా ఏడాదో రెండేళ్లో దొరికితే ఆ ఆటగాడికి అదే పీక్. ఆ కలయిక ఒకరికి 21లో జరుగుతుంది, ఇంకొకరికి 31లో.

ఇక్కడ నా కథ కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ అబ్బాయి ప్రశ్నకి జవాబు అందులో ఉంది. నేను 1988 జనవరిలో పుట్టాను. వయసు గ్రూపుల కటాఫ్ జనవరి 1 కాబట్టి నా బ్యాచ్‌లో నేనే దాదాపు అందరికంటే పెద్ద. పైగా తొందరగా ఎదిగాను. 13 ఏళ్లకే అయిదడుగుల ఆరంగుళాలు. 2001 మార్చిలో గోపీచంద్ ఆల్ ఇంగ్లాండ్ టోర్నీ గెలిచినప్పుడు మా కోర్టులో మిఠాయిలు పంచారు, నేనే తర్వాతివాణ్ణని మా నాన్నగారు నిజంగా నమ్మారు. ఆ తర్వాతి ఏడాది జిల్లా అండర్-15లో నన్ను ఎదుర్కొన్నవాడు లేడు. సెమీస్‌లో ఒక కుర్రాడిని 15-4, 15-3తో ఓడించాను. అప్పుడింకా సర్వీస్ చేసినవాడికే పాయింటు వచ్చే పాత పద్ధతి. ఆ అబ్బాయి నాకంటే పది నెలలు చిన్న, నా భుజం దాకా కూడా లేడు. నా స్మాష్ తీయలేక ఏడుపు మొహం పెట్టుకుని కోర్టు దాటడం నాకింకా గుర్తుంది.

మూడేళ్లు గడిచాయి. అదే అబ్బాయి నన్ను 15-6, 15-5తో ఓడించాడు. అప్పటికి అతను నా అంత ఎత్తు పెరిగాడు. కానీ అతను గెలిచింది ఎత్తుతో కాదు. పొట్టిగా ఉన్నన్నాళ్లు స్మాష్‌తో గెలవలేడు కాబట్టి డ్రాప్, డ్రిబుల్, బ్యాక్‌హ్యాండ్ క్లియర్ లాంటి షాట్లన్నీ నేర్చుకున్నాడు. పెద్దగా ఉన్నన్నాళ్లు స్మాష్‌తోనే గెలిచాను కాబట్టి నేను ఇంకేమీ నేర్చుకోలేదు. అండర్-13, అండర్-15 ఫలితాలు చాలావరకు ఎవరు ముందు ఎదిగారన్న సంగతే చెబుతాయి. దీనికి తోడు కొన్ని కుటుంబాలు సర్టిఫికెట్‌లో ఏడాదో రెండేళ్లో వయసు తగ్గిస్తాయి. పాపం, ఆ పిల్లలు చిన్నవాళ్లను ఓడించి గెలుపుకి అలవాటుపడి, సీనియర్స్‌లోకి రాగానే తట్టుకోలేక ఆట మానేస్తారు. అలాంటి ఇద్దరిని నా కళ్లతో చూశాను. ఇప్పటికీ బాధేస్తుంది.

నా మోకాలి సంగతి కూడా చెప్పాలి. 15 ఏళ్లప్పుడు కుడి మోకాలి చిప్ప కింద చిన్న బొడిపె వచ్చింది, ముట్టుకుంటే ప్రాణం పోయేది. మాది సిమెంట్ కోర్టు, అడుగు అరిగిన బూట్లు. మా కోచ్ అది నొప్పి కాదు, బద్ధకం అన్నారు. నేనూ నమ్మాను. ఆ కాలు కాపాడుకుంటూ ఎడమ కాలి మీద దిగీ దిగీ, 18 ఏళ్లకు ఆ ఎడమ మోకాలి లిగమెంట్ తెగింది. తర్వాత ఎముకల డాక్టరు వివరించారు. వేగంగా ఎదిగే వయసులో ఎముక ముందు పెరుగుతుంది, కండరాన్ని దానికి కలిపే నరం లాంటి పట్టీ బిగుసుకుపోతుంది, గెంతినప్పుడల్లా అది ఎముకని లాగుతుంది. నొప్పి మొదలైనప్పుడే కొన్ని వారాలు గెంతడం ఆపి ఉంటే తగ్గిపోయేదట. ఆ మాట విన్న రోజు ఇంటికొచ్చి మా అమ్మ పక్కన కూర్చుని ఏడ్చాను.

పెద్ద ఆటగాళ్లకూ ఇది తప్పలేదు. గోపీచంద్‌కి ఇరవై దాటిన కొత్తలోనే మోకాలు పోయింది, ఆపరేషన్లయ్యాయి. ఆల్ ఇంగ్లాండ్ గెలిచేసరికి 27. మోకాలు బాగుండి ఉంటే ఆ గెలుపు ముందే వచ్చేదని నా నమ్మకం. అందుకే ఫలానా వాడు 27కి పీక్‌కి వచ్చాడని విన్నప్పుడల్లా, అందులో గాయం తినేసిన ఏళ్లెన్నో నేను లెక్కేసుకుంటాను.

అమ్మాయిలకు ఈ లెక్క కొంచెం ముందుకు జరుగుతుంది, ఎదుగుదల తొందరగా పూర్తవుతుంది కాబట్టి. థాయిలాండ్ రత్చనోక్ 2013లో 18 ఏళ్లకే ప్రపంచ చాంపియన్ అయింది. సైనా 19 ఏళ్లకు ఇండోనేషియా ఓపెన్ గెలిచింది. ఆమెకు గట్టి ఒళ్లు, ఎంతసేపైనా ర్యాలీ ఆడే ఓపిక చిన్న వయసులోనే ఉన్నాయి. అయితే ఆమె నంబర్ వన్ ర్యాంకు, ప్రపంచ చాంపియన్‌షిప్ రజతం వచ్చింది 2015లో, 25 ఏళ్లకు. లండన్ ఒలింపిక్ పతకాన్ని పీక్ అనాలా, దీన్ని అనాలా? రెండూ అనుకోవచ్చు. సింధు కథ వేరు. 18 ఏళ్లకే ప్రపంచ కాంస్యం వచ్చినా, అంత పొడవు మనిషి నెట్ దగ్గర వంగి లేచి మళ్లీ వెనక్కి వెళ్లడానికి కావలసిన బలం కూడగట్టుకోవడానికి ఏళ్లు పట్టింది. 2016 రియో ఒలింపిక్స్, 2017 గ్లాస్గో, 2018 నాన్‌జింగ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లు, వరసగా మూడు పెద్ద ఫైనల్స్ ఓడింది. గ్లాస్గోలో ఒకుహారా చేతిలో 110 నిమిషాలు పోరాడి ఓడింది. అదే ఒకుహారాతో బాసెల్‌లో 40 నిమిషాలు కూడా పట్టలేదు. ఆ మూడు ఓటములు లేకుండా ఆ ఆట వచ్చేది కాదని నేను అనుకుంటాను.

డబుల్స్‌లో సగం కోర్టే మీది, కాబట్టి కన్ను ఉన్నవాడు ఎక్కువకాలం నిలుస్తాడు. హెండ్రా అందుకే 35లో గెలిచాడు. అలాగని డబుల్స్ అంటే పెద్దవాళ్ల ఆట అనుకోకండి. మా గోదావరి వైపు అమలాపురం కుర్రాడు సాత్విక్, చిరాగ్‌తో కలిసి 2023లో నంబర్ వన్ అయినప్పుడు అతనికి 23 ఏళ్లే. వాళ్లది బలం మీద నడిచే ఆట. ఆ ఏడాదే సాత్విక్ స్మాష్ గంటకు 565 కిలోమీటర్లతో గిన్నిస్ రికార్డుకెక్కింది. నా విషయానికొస్తే, నా జీవితంలో మంచి ఆట ఆడింది 30 దాటాకే. ఆఫీసుల మధ్య జరిగే టోర్నమెంట్లలో డబుల్స్‌లో ముందు నిలబడేవాణ్ణి. షటిల్ ఎటొస్తుందో ఎదుటివాడి భుజం చూసి తెలిసిపోయేది. 14 ఏళ్లప్పుడు ఆ కన్ను నాకు లేదు.

ఇప్పుడు మీ అబ్బాయి. 14కి జిల్లా సెమీస్ దాటకపోవడం ఆలస్యం కాదు. కానీ మీరు రాసినదాంట్లో రెండు విషయాలు లేవు, అవి చూడండి. ఒకటి, గత ఏడాదిలో ఎంత ఎత్తు పెరిగాడు? ఇంకా పెరగడం మొదలవ్వకపోతే అతన్ని ఓడిస్తున్నవాళ్లు ముందు ఎదిగినవాళ్లు అయ్యుండొచ్చు. మూడు నెలలకోసారి తలుపు మీద గీత పెట్టండి. రెండు, ఓడిన మ్యాచ్‌ల్లో పాయింట్లు ఎలా పోతున్నాయి? స్మాష్ తీయలేక పోతుంటే కంగారు పడకండి, ఒళ్లొస్తే అది సర్దుకుంటుంది. తేలికైన షటిల్స్ నెట్‌కి కొట్టి, లేదా ఎక్కడ నిలబడాలో తెలియక పోతుంటే కోచ్‌తో మాట్లాడండి, అది వయసుతో రాదు. స్మాష్ కొట్టి గెలిచే వాళ్లను చూపించి ఇంట్లో పోల్చకండి. నన్ను అలా పొగిడే చెడగొట్టారు.

ఇవాళ సాయంత్రం ప్రాక్టీస్ నుంచి రాగానే ఇంకో పని చేయండి. అతన్ని కూర్చోబెట్టి రెండు మోకాలి చిప్పల కింద వేలితో నొక్కి చూడండి. అమ్మో అన్నాడంటే, ఈ నెల టోర్నమెంట్ ఫీజు కట్టేసినా సరే మానిపించి, పిల్లల ఎముకలు చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.