కెయిర్స్ అంటే కన్ను మార్చడం కాదు
తమ్ముడికి కెరటోకోనస్ (కంటి ముందుండే పారదర్శక పొర, అంటే కార్నియా, పల్చబడి ముందుకు పొడుచుకొచ్చే జబ్బు) అని, డాక్టర్ కెయిర్స్ (CAIRS) ఆపరేషన్ చేద్దామంటే ‘ఎవరిదో కన్ను పెడతారా’ అని అమ్మగారు టెన్షన్ పడుతున్నారని రాశారు కదండీ. పూర్తి కార్నియా మార్పిడి కాదిది. దాత కార్నియా నుంచి నెలవంకలా కోసిన సన్నటి ముక్కను, లేజర్‌తో కార్నియా పొరల మధ్య చేసిన సొరంగంలోకి జారుస్తారు. ముందుకు పొడుచుకొచ్చిన భాగం కొంత చదునవుతుంది. కుట్లుండవు, నడిమధ్య భాగాన్ని ముట్టుకోరు. చెన్నై డాక్టర్ సూసన్ జేకబ్ తెచ్చిన పద్ధతే ఇది. ఇదే జబ్బుకి కార్నియాలో పెట్టే ప్లాస్టిక్ రింగుల కన్నా ఇదే నాకు నచ్చింది, కంటి కణజాలమే కాబట్టి.

నాకు ఇది చేశాక రెండ్రోజులు కంట్లో ఇసుక పడ్డట్టుంది, అంతే. అద్దాలు మాత్రం పోలేదు. జబ్బు ముదురుతుంటే కార్నియాను గట్టిపరిచే క్రాస్‌లింకింగ్ కూడా కావాలి, అది తప్పకుండా అడగండి. ముందు తమ్ముడిని కళ్లు నలపడం మాన్పించండి!