పాత మారుతి 800కి మినరల్ ఆయిల్ చాలా, సింథటిక్ పోయించాలా?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారి 1997 మోడల్ మారుతి 800, కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపే పాతకాలపు భాగం) బండి, లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. ఇప్పుడు వారానికి రెండు మూడుసార్లు ఊళ్లోనే తిప్పుతున్నారు. మెకానిక్ 20డబ్ల్యూ-50 (ఇది చిక్కదనం గ్రేడ్) మినరల్ ఆయిల్, అంటే ముడి చమురు శుద్ధి చేసి తీసినది, చాలంటున్నాడు, స్పేర్ పార్టుల షాపతను ఫుల్లీ సింథటిక్, అంటే రసాయనికంగా తయారుచేసిన ఆయిల్, పోయించమంటున్నాడు. ఎవరి మాట వినాలి?

మినరల్ విషయంలో మెకానిక్ మాటే వినండి. 20డబ్ల్యూ-50 అన్నదానికి మాత్రం ఇంజిన్ పరిస్థితి చూసుకోకుండా సరేననకండి. మా ఇంట్లోనూ ఇదే బండి ఉంది. 1996ది, మా మేనమామ చాలా ఏళ్లు వాడి మాకిచ్చారు. గుంటూరు ఎండల్లో కూడా దాంట్లోనే తిరుగుతాం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సింథటిక్ చెడ్డదని కాదు. ఎక్కువ వేడిని తట్టుకుంటుంది, గడ్డకట్టే చలిలోనూ తేలిగ్గా పారుతుంది, ఎక్కువ కిలోమీటర్లు నిలుస్తుంది. టర్బో ఉన్న కొత్త కార్లకు అది కావాలి. మీ దాంట్లో ఉన్నది 796 సీసీ, మూడు సిలిండర్లు, నలభై హార్స్‌పవర్ దాటని ఇంజిన్. మంచి మినరల్ ఆయిల్ తట్టుకోలేనంత వేడి దాంట్లో పుట్టదు.

అసలు విషయం ఇంకొకటుంది. కార్బురేటర్ బండిని పొద్దున చోక్ లాగి స్టార్ట్ చేస్తే పెట్రోల్ అవసరానికి మించే పడుతుంది. అందులో కాలనిది కొంత పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పక్కనుంచి కిందికి దిగి ఆయిల్లో కలుస్తుంది. రైతుబజారు దాకా వెళ్లి వచ్చేస్తే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు కాబట్టి లోపల చేరిన తేమ కూడా ఆవిరైపోదు. ఆయిల్ పోసే మూత తీసినప్పుడు లోపలివైపు మీగడలా తెల్లగా కనిపించేది చాలాసార్లు ఈ తేమే. రేడియేటర్ నీళ్లు కూడా తగ్గుతుంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ప్యాకింగ్) అనుమానించాలి. ఇలా పెట్రోలూ నీళ్లూ కలిసిన ఆయిల్ ఎంత ఖరీదైనదైనా తీసేయాల్సిందే. సింథటిక్‌కి అదనంగా పెట్టే డబ్బులో ఎక్కువ భాగం అది చాలాకాలం నిలుస్తుందనే కదా. మీ వాడకంలో ఆ లాభం మీకు దక్కదు. మినరల్ పోయించి, 5,000 కిలోమీటర్లకో ఆరు నెలలకో, ఏది ముందొస్తే అప్పుడు మార్చేయండి. మీకు ఆరు నెలలే ముందొస్తాయి.

ఇక గ్రేడ్. షాపుకి వెళ్లేముందు కొన్నాళ్లు ఆయిల్ గేజ్ గమనించండి. చదునైన చోట బండి పెట్టి, పొద్దున స్టార్ట్ చేయకముందే గేజ్ పుల్ల తీసి, తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయండి. మట్టం ఎక్కడుందో, మీటర్ ఎంతుందో రాసిపెట్టుకోండి. పెద్దగా తగ్గడం లేదు, పొగ లేదు, బాగా వేడెక్కాక స్లోలో (బండి నిలిపి ఇంజిన్ నడుస్తూ) ఉన్నప్పుడు ఆయిల్ లైటు వెలగడం లేదు అంటే ఇంజిన్ బాగున్నట్టే. దానికి 15డబ్ల్యూ-40 మినరల్ సరిపోతుంది, 20డబ్ల్యూ-50 అక్కర్లేదు. మధ్య మధ్యలో ఓ పావు లీటరు కలపాల్సి వస్తోంది, ఎండాకాలంలో హైవే మీద తోలి వచ్చి ఇంజిన్ స్లోలో ఉంచితే ఆయిల్ లైటు మిణుకుమంటోంది అంటే మీ మెకానిక్ చెప్పిన 20డబ్ల్యూ-50 న్యాయమే. లైటు అదేపనిగా వెలుగుతుంటే మాత్రం ఆయిల్ మార్చి ఊరుకోకండి. వెంటనే బండి ఆపి, ప్రెషర్ గేజ్ పెట్టించి చూపించండి.

ఈ అంకెల గురించి రెండు ముక్కలు. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా పారుతుందో చెబుతుంది. ఆ పరీక్షలు సున్నాకి చాలా దిగువన చేస్తారు కాబట్టి మన దగ్గర ఆ చలి లెక్క అవసరం పడదు. వెనకున్న అంకె 100 డిగ్రీల దగ్గర చిక్కదనం. 40 గ్రేడ్ అంటే 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) లోపు, 50 గ్రేడ్ అంటే అక్కణ్నుంచి 21.9 లోపు. అయితే పొద్దున స్టార్ట్ చేసే వేళ కూడా 20డబ్ల్యూ-50 చాలా చిక్కగానే ఉంటుంది. అది పైన వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్ దాకా ఎక్కడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది. ఇంజిన్ అరుగుదలలో పెద్ద వాటా స్టార్టింగ్‌లోనే జరుగుతుంది. బాగున్న ఇంజిన్‌లో లేనిపోని చిక్కదనం వద్దనడానికి కారణం అదే.

పొగ ఆపడానికి ఇంకా ఇంకా చిక్కటి ఆయిల్ పోస్తూ పోవడం నాకు అస్సలు నచ్చని పద్ధతి. మా బండికి పొద్దున స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి ఓ దమ్ము నీలం పొగ వచ్చి, ఆ తర్వాత ఆగిపోయేది. చాలామంది 20డబ్ల్యూ-50 పోస్తే సర్దుకుంటుందన్నారు. విజయవాడ ఆటోనగర్లో మేం ఎప్పుడూ చూపించే భాయ్ మాత్రం, “రాత్రంతా వాల్వ్ సీల్స్ నుంచి ఆయిల్ కారుతోంది సార్, సీల్స్ మార్చకుండా ఏ ఆయిల్ పోసినా ఇంతే” అన్నారు. ఆ సీల్స్ (వాల్వుల దగ్గర ఆయిల్ కిందికి దిగకుండా ఆపే రబ్బరు ముక్కలు) మార్చాక పొగ పోయింది, గేజ్ మీద మట్టం నిలబడింది. ఇప్పటికీ 15డబ్ల్యూ-40 మినరల్ మీదే నడుస్తోంది. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ నీలం పొగ వస్తుంటే అది రింగుల లక్షణం. కంప్రెషన్ (సిలిండర్లో ఒత్తిడి) చెక్ చేయించండి. ఇంజిన్ పని వాయిదా వేయాలనుకుంటే అప్పటిదాకా చిక్కటి ఆయిల్ కొంత ఆదుకుంటుంది, అంతే.

మట్టం తగ్గకుండా పెరుగుతోందా? ఇది కార్బురేటర్ 800 ఉన్నవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. వీటిలో పెట్రోల్ పంపు కరెంటుది కాదు, ఇంజినే దాన్ని ఆడిస్తుంది. దాని లోపలి డయాఫ్రమ్ (పలచటి పొర) చిరిగితే పెట్రోల్ నేరుగా ఆయిల్ ఛాంబర్లోకి దిగుతుంది. గేజ్ పుల్ల వాసన చూస్తే పెట్రోల్ ఘాటు ముక్కుకి తగులుతుంది, ఆయిల్ నీళ్లలా పలచబడుతుంది. అలా ఉంటే బండి తీయకండి. పంపు మార్పించి, ఆ ఆయిల్ మొత్తం తీయించి, కొత్తది పోయించండి.

డబ్బా మీద గ్రేడ్‌తో పాటు ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) నాణ్యత అక్షరాలు చూడండి. పెట్రోల్ ఇంజిన్లకి ‘ఎస్’తో మొదలవుతాయి: ఎస్‌ఎల్ 2001లో వచ్చింది, ఎస్‌ఎమ్ 2004లో, ఎస్‌ఎన్ 2010లో. మీ బండి ఈ మూడింటికన్నా పాతది, వీటిలో ఏదైనా దానికి నిశ్చింతగా వాడొచ్చు. పల్లెల్లో కొందరు ట్రాక్టరుకి పోసే సీఐ-4 డీజిల్ ఆయిల్నే కారుకీ పోస్తుంటారు. డబ్బా మీద సీఐ-4 పక్కనే ఎస్‌ఎల్ అని కూడా ఉంటే ఇబ్బంది లేదు. ఒక్క ‘సీ’ అక్షరాలే ఉంటే పెట్రోల్ కారుకి వద్దు.

అమెరికా వీడియోలు చూసి, కొత్త ఆయిల్స్‌లో జింక్ తగ్గించేశారు, పాత ఇంజిన్ క్యామ్ అరిగిపోతుంది అని టెన్షన్ పడేవాళ్లున్నారు. అరుగుదల తగ్గించే జింక్ మందులోనే ఫాస్ఫరస్ కూడా ఉంటుంది, ఆ తగ్గింపు సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కోసం పెట్టిన ఫాస్ఫరస్ పరిమితి వల్ల వచ్చింది. ఎస్‌ఎన్‌లో ఆ పరిమితి 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి పలచటి గ్రేడ్లకే వర్తిస్తుంది, 15డబ్ల్యూ-40కీ 20డబ్ల్యూ-50కీ కాదు. పైగా అక్కడివాళ్ల గొడవంతా గట్టి స్ప్రింగులున్న పెద్ద వీ8 ఇంజిన్ల గురించి. మీరు ప్రత్యేకంగా జింక్ డబ్బాలు కొనక్కర్లేదు.

నాన్నగారు చివరిసారి ఎప్పుడు మార్పించారో తెలియకపోతే, మొదటిసారి ఫ్లష్ (లోపలి మడ్డిని ఒక్కసారిగా కడిగే మందు) వేయిస్తామంటే ఒప్పుకోకండి. ఏళ్లుగా పేరుకున్న మడ్డి ఒక్కసారిగా ఊడి ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడితే ఇంజిన్ పట్టేస్తుంది. మామూలు మినరల్ ఆయిల్, కొత్త ఫిల్టర్ వేయించి, వెయ్యి పదిహేనువందల కిలోమీటర్లకే మళ్లీ మార్పించండి. మెల్లమెల్లగా అదే కడుగుతుంది. దాదాపు మూడు లీటర్లు పడుతుంది, కానీ డబ్బా మొత్తం ఒకేసారి వంచేయనివ్వకండి. రెండున్నర పోశాక కాసేపు ఇంజిన్ నడిపి, ఆపి, ఐదు నిమిషాలాగి గేజ్ చూస్తూ మిగతాది పోయాలి. పై గీత దాటితే నురగ కడుతుంది. డ్రెయిన్ బోల్టు వాషర్ కూడా కొత్తది వేయించండి. దాని ఖర్చు చాలా తక్కువ, పాతదే బిగిస్తే అక్కడే చుక్క చుక్కగా కారుతుంది.

సీల్స్ గట్టిపడ్డ పాత ఇంజిన్‌లో సింథటిక్ పోస్తే లీకులొస్తాయని చాలామంది భయపెడతారు. లీకు సింథటిక్ పుట్టించేది కాదు, అరిగిన సీలు దగ్గర అప్పటిదాకా మడ్డి అడ్డుకున్నది బయటపడుతుంది. ఇంజిన్ పైనుండే టాపెట్ కవర్ దగ్గర తడి కనిపిస్తే ఆయిల్‌తో సంబంధం లేకుండా ప్యాకింగ్ మార్పించండి.

కంపెనీ పేరు గురించి అంతగా ఆలోచించొద్దు. సర్వో, మ్యాక్, హెచ్‌పీ, క్యాస్ట్రాల్ ఏదైనా సరే, అసలైనదైతే చాలు. ఒకసారి తక్కువ ధరకి తెచ్చిన డబ్బా మూత కింద సీలు అతికించి ఉండటం చూసి మా భాయ్ పోయనన్నారు. అప్పటినుంచి పెట్రోల్ బంకులోనో కంపెనీ డీలర్ దగ్గరో బిల్లుతోనే కొంటున్నాను. లూజ్ ఆయిల్ ఎంత చౌకైనా తీసుకోకండి. మీ ఎదురుగానే సీలు తీయించండి. ఖాళీ డబ్బాకి కత్తితో పొడిచి చిల్లు పెట్టాకే షెడ్డులో వదలండి, లేకపోతే అదే డబ్బాలో నకిలీ నింపి ఇంకొకరికి అమ్ముతారు. తీసిన నల్ల ఆయిల్ని కాలువలో పోయనివ్వకండి. తలుపులకి చెదలు పట్టకుండా పూస్తామని కొందరు ఇంటికి తీసుకెళ్తారు, అది ఒంటికి అంటితే మంచిది కాదు. వాడిన ఆయిల్ సేకరించే షెడ్డులోనే మార్పించండి.

గేజ్ గమనించాక మట్టం తగ్గిందో పెరిగిందో, పొగ ఏ సమయంలో వస్తోందో ఇక్కడే రాయండి. దాన్నిబట్టి గ్రేడ్ ఖాయం చేద్దాం.